తాళం వేయకూడని ఇల్లు

ఖోరా
మార్చి మొదటి వారం

తమ్ముడు స్తమాతిస్‌కు,

ఫోన్ చేస్తే ఇద్దరం అరుచుకోవడమే తప్ప పని జరగదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఓడలో వంట చేసే ఫోటిస్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. దీంతోపాటు ఉప్పులో ఊరేసిన కేపర్ మొగ్గలు ఒక సీసా, మేకపాల చీజ్ ముద్దలు రెండు ఉన్నాయి. ముద్ద ఒకటే అందితే రెండోది ఫోటిస్ కడుపులో ఉందని తెలుసుకో.

మీ బావ సిదెరిస్ నలభయ్యో రోజు ప్రార్థన అయిపోయింది. నువ్వు రాలేదు. అంత్యక్రియలప్పుడు గాలికి ఓడ కదల్లేదన్నావు, సరే అనుకున్నాను. మొన్న మాత్రం సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. ఎందుకు రాలేదని నేను అడగను, నువ్వు చెప్పనూ వద్దు. పడవ బోల్తా పడి నిన్నూ మా ఆయన్నీ గలాని రాళ్ల మీద నుంచి ఎత్తుకొచ్చిన రోజున హెలికాప్టర్‌లో ఆస్పత్రికి పోయినవాడివి, అటే పిరేయస్‌లో ఉండిపోయావు. అప్పటి నుంచి ఓడ మెట్టెక్కలేదని ఊరంతటికీ తెలుసు. దీవిలో పుట్టి సముద్రానికి జడిసినవాడు ఇతనొక్కడే అని రేవులో ముసలాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నేను నవ్వను.

పునీత సోస్తిస్ పటం మా ముందు గదిలోనే ఉంది. ఆ రోజు నీళ్లలో ఉండగా మీ బావ మొక్కుకున్నాడు కదా, బతికి బయటపడితే ఒక ఏడాది పటాన్ని ఇంట్లో పెట్టుకుని పండగ చేస్తానని. ఏడాదికొక ఇల్లు కదా, తన ముందు ఎంతమంది పేర్లున్నాయో! పోయిన సెప్టెంబరులో గానీ వంతు రాలేదు. పటాన్ని గుండెకు ఆనించుకుని కొండెక్కి వచ్చాడు, చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. జనవరిలో గుండె ఆగి పోయాడు. ఇప్పుడా మొక్కు నా మీద పడింది.

ఇంట్లో పటం ఉన్నన్నాళ్లూ తలుపుకు తాళం వేయకూడదని అమ్మ చెప్పేది గుర్తుందా? వేయడం లేదు. ఎవరెవరో వస్తారు, దీపంలో నూనె పోస్తారు, ఏడుస్తారు, కాఫీ తాగి పోతారు. ఒంటరిగా ఉన్నానని ఏడవడానికి నాకే తీరిక దొరకడం లేదు. సెప్టెంబరు ఆరు సాయంత్రం పటాన్ని గలాని రేవు మీది చర్చికి తీసుకెళ్లి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టి, మర్నాడు పూజ తరువాత ఇంకొకరి చేతిలో పెట్టాలి. అది జరిగితే గాని ఆయన మట్టిలో హాయిగా పడుకోడు. నేనూ పడుకోను.

ఇక అసలు సంగతి. నిన్న గలాని చర్చిలో దీపం పెట్టడానికి దిగితే నీ వాటాకొచ్చిన మడుల్లో నలుగురు మనుషులు టేపులు పట్టుకుని కొలుస్తున్నారు. నాన్న ఇంటి తలుపు తీసి ఉంది. ఎవరయ్యా అంటే, యజమాని స్తమాతిస్‌గారు అద్దెకు ఇచ్చారన్నారు. నిజమేనా? చర్చికి పోయే దారి నీ మడుల మీదుగానే అని వాళ్లకు చెప్పావా?

అక్క మరూసా


పిరేయస్
ఏప్రిల్

అక్కా,

చీజ్ ముద్ద ఒకటే అందింది. ఫోటిస్‌ని అడిగితే, తుపానులో ఎగిరిపోయిందన్నాడు. వాడికి నరకంలో చోటు ఖాయం, కానీ అక్కడా వంటే చేయిస్తారు కాబట్టి బాధపడడు.

నిజమే, ఇచ్చాను. ఐదు వేసవులకు. అంత గాభరాపడాల్సింది ఏమీ లేదు. ఏథెన్స్ కంపెనీ, చదువుకున్నవాళ్లు. ఒక్క ఇటుక పెట్టరు, సిమెంటు కలపరు. వేసవిలో గుడారాలు వేస్తారు, చలికాలం ఎత్తేస్తారు. దాన్ని గ్లాంపింగ్ అంటారట. అంటే గుడారంలో పడుకుంటారు గాని నేల మీద కాదు, రాజుల్లాగా. నాన్న ఇంటిని బాగుచేసి ఆఫీసుగా వాడుకుంటారు. కప్పు కారుతున్న ఇల్లు, కిటికీల్లో పావురాలు గుడ్లు పెడుతున్నాయి. ముళ్ల కంప తప్ప ఏముంది అక్కడ? మేకలకైనా పనికిరావడం లేదని నువ్వే కదా అన్నావు.

ఇక్కడ నా బతుకు మామూలే. దుకాణంలో లైఫ్ జాకెట్లు అమ్ముతున్నాను. నవ్వకు. పిల్లలకి ఏ సైజు కావాలో తల్లిని చూసే చెప్పేస్తాను. సముద్రం గురించి నాకంటే జాగ్రత్తగా మాట్లాడేవాడు పిరేయస్‌లో లేడని యజమాని మెచ్చుకుంటాడు. ఎందుకో ఆయనకు తెలియదు.

మేనకోడలు అర్గిరోకి వేసవిలో పని కావాలంటే అక్కడే అడగమను. ఇంగ్లీషు వచ్చిన పిల్ల, వద్దనరు. సిదెరిస్ సమాధి దగ్గర నా తరఫున ఒక దీపం పెట్టు. నీ ఆరోగ్యం చూసుకో. కేపర్ మొగ్గలు బాగున్నాయి, ఈసారి ఉప్పు కాస్త తగ్గించు.

స్తమాతిస్


ఖోరా
మే నెలాఖరు

స్తమాతీ,

ఉప్పు తగ్గిస్తే మొగ్గ చెడుతుంది. ఇల్లు వదిలి ఇన్నేళ్లయితే ఇదీ మరిచిపోతావు కాబోలు.

నీ గుడారాలు లేచాయి. తెల్లటివి, పన్నెండు. ఒక్కోటి మా ముందు గదీ వంటిల్లూ కలిపినంత ఉంది. మంచం మీద ఎనిమిది దిండ్లు. ఇద్దరు మనుషులకు ఎనిమిది దిండ్లు ఏం చేసుకుంటారని అర్గిరోని అడిగితే, "అమ్మా, పడుకునే ముందు తీసి కింద పెడతారే" అంది. కింద పెట్టడానికి పైన పెట్టడమేమిటో నాకు తెలియలేదు. గుడారంలో స్నానాల తొట్టి కూడా ఉంది, రాగిది. దాన్ని నింపడానికి రేవు దాకా నీళ్ల ట్యాంకరు వస్తుంది, మన తోటలకేమో వారానికి రెండుసార్లు నీళ్లు. ఆగస్టులో మనం నలుగురం కళ్లంలో గొంగళి పరచుకుని చుక్కల కింద పడుకునేవాళ్లం కదా. ఇంట్లో ఉక్క భరించలేక పడుకునేవాళ్లం. అమ్మ సిగ్గుపడేది, ఎవరైనా చూస్తారని. ఇప్పుడదే కళ్లంలో చాప వేసి, లాంతరు పెట్టి, చుక్కలు చూపిస్తామని జనాన్ని తీసుకొస్తున్నారు.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. పొద్దున్నే ఈత కొడతారు, ఎండలో ఎర్రగా కమిలిపోయి నవ్వుతూ పైకొస్తారు. ఎవరికైనా రెండు రోజులు అలా బతకాలనే ఉంటుంది.

అర్గిరో అక్కడే పనికి కుదిరింది. గోధుమరంగు నార బట్టలు ఇచ్చారు, వాటిలో పిల్ల నాకే కొత్తగా కనిపిస్తోంది. అక్కడి మేనేజరు దనాయి అనే ఏథెన్స్ అమ్మాయి. మర్యాదస్తురాలే. నన్ను "మరూసాగారూ" అనే పిలుస్తుంది. మొన్న పిలిచి, "మీరు దీపం పెట్టడానికి ఎనిమిదిన్నరకు వస్తున్నారు కదండీ, ఆ వేళకి అతిథులు సూర్యాస్తమయం చూస్తూ ధ్యానం చేస్తుంటారు. కొంచెం ముందుగా రాగలరా?" అంది.

"దీపం చీకటికి కదమ్మా పెట్టేది?" అన్నాను.

"అవునండీ, కానీ మీరు నల్లబట్టల్లో మధ్యలోంచి నడిచి పోతుంటే వాళ్లు కొంచెం దిగులుపడుతున్నారు" అంది.

మొగుడు పోయినదాన్ని, ఎర్ర పూల గౌను వేసుకుని పోతానా? సరే, అప్పటి నుంచి ఆరింటికి పోతున్నాను. ఎండలో దీపం పెట్టి వస్తున్నాను.

దారికి గేటు పెట్టారు. అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. నేనొచ్చేసరికి ఎవరో ఒకరు తీస్తారు. నాకు నామోషీ లేదు, తీయించుకుంటాను. నా భయమల్లా ఒక్కటే. సెప్టెంబరు ఆరున ఊరు ఊరంతా దిగాలి. కుండలు దిగాలి, వయొలిన్ వాళ్లు దిగాలి. ఆ రోజు గేటు తీసి ఉండాలి. ఇది నేను దనాయిని అడగకూడదు, ఆ స్థలం యజమాని నువ్వు, నువ్వే చెప్పాలి. చెప్పి, చెప్పానని నాకు ఒక్క ముక్క రాయి.

మరూసా


పిరేయస్
జూన్

అక్కా,

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. కింద ఇంటి ముసలావిడ తొట్టిలో కూర్చునే కూరలు తరుగుతోంది. నాకు ఆకలి చచ్చిపోయింది, నీ కేపర్ మొగ్గలు టమాటాల మీద చల్లుకుని రొట్టెతో తింటున్నాను. ఇంకో సీసా పంపు.

అర్గిరో ఫొటో పంపింది, గోధుమరంగు బట్టల్లో. సిదెరిస్ ముక్కే. బావ చూస్తే గర్వపడేవాడు.

గేటు సంగతి మాట్లాడతాను. వేసవిలో వాళ్లకి ఊపిరాడదు, ఇప్పుడు కదిలిస్తే విసుక్కుంటారు. నాకొక ఆలోచన వచ్చింది, కోప్పడకుండా విను. ఈ ఒక్క ఏడాదికి పండగ పైనే, ఖోరా పెద్ద చర్చిలో చేస్తే ఏం? మంచి నేల, మంచి వెలుతురు, ముసలాళ్లు కొండ దిగి ఎక్కే బాధ ఉండదు. పునీతుడికి ఇక్కడేమిటి, అక్కడేమిటి? మొక్కు భోజనం పెట్టడం గురించే కదా. ఆలోచించు.

మోకాలి నొప్పి ఎలా ఉంది?

స్తమాతిస్


ఖోరా
జులై

స్తమాతిస్,

సీసా పంపడం లేదు.

నువ్వు మాట్లాడతావేమోనని నెల్లాళ్లు చూసి, చివరికి నేనే దనాయి దగ్గరకు పోయాను. పండగ గురించి చెప్పాను. ఆ పిల్ల నిజంగానే తెల్లబోయింది. "చర్చిలో ఏ కార్యక్రమాలూ జరగవని, చాలా ఏళ్లుగా వాడుకలో లేదని స్తమాతిస్‌గారు మాతో చెప్పారండీ. అందుకే వేసవి మొత్తం బయటివాళ్లను రానివ్వబోమని అతిథులకు మాట ఇచ్చాం. ఆ వారం ఒక పెళ్లి బృందం మొత్తం గుడారాలన్నీ తీసుకుంది" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

వాడుకలో లేదా? నీకు బాప్తిస్మం ఎక్కడిచ్చారు? నువ్వు రక్తం కక్కుతూ పడున్నది ఏ చర్చి కింది రాళ్ల మీద? నీళ్లలో వెనక నుంచి నీ కాలరు పట్టుకున్న మనిషి మొక్కుకున్నది ఎవరికి? ఆ మనిషిని పాతిపెట్టి ఏడాది కూడా కాలేదు. దీవిలో ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి మీద అబద్ధం ఆడాలంటే ఎంత ధైర్యం కావాలి! ఓడ ఎక్కడానికి లేని ధైర్యం దీనికి ఎక్కడ నుంచి వచ్చింది?

పైన పెద్ద చర్చిలో చేసుకోమంటావు. ఆయన నీళ్లలో మునుగుతూ చూసింది పెద్ద చర్చిని కాదు.

మగవాళ్లు పడవల మీద చేద్దామంటున్నారు. పూర్వం దారి లేనప్పుడు అలాగే చేసేవారు కదా, కుండలూ పటమూ పడవల్లో చుట్టూ తిప్పి. సెప్టెంబరులో ఉత్తరపు గాలి ఊరుకుంటే. పటం పట్టుకుని నేను పడవలో కూర్చోవాలి. నాకూ భయమే, తెలుసా? మీ ఇద్దరినీ తీసుకొచ్చిన రోజు ఒడ్డున నిలబడి చూసినదాన్ని నేను. నా భయం గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

జవాబు రాయకపోయినా పర్వాలేదు.

మరూసా


పిరేయస్
ఆగస్టు

అక్కా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది. ఇందులో హాస్యాలు లేవు.

ఆ మాట అన్నది నేనే. దారి గురించి వాళ్లు అడిగారు, నా నోట్లోంచి అదే వచ్చింది. ముందుగా అనుకుని చెప్పింది కాదు, కానీ చెప్పాక దిద్దుకోలేదు కూడా. ఎందుకంటావా? ఏటా నువ్వు, ఫోటిస్, దీవి నుంచి దుకాణానికి వచ్చే ప్రతివాడూ అడిగేది ఒకటే. ఎప్పుడొస్తావు? మడులు పాడవుతున్నాయి, ఎప్పుడొస్తావు? ఇంటి కప్పు కారుతోంది, ఎప్పుడొస్తావు? ఆ చోటు నాది కాకుండా పోతే ఇక ఎవరూ అడగరనుకున్నాను. సంతకం పెట్టిన రోజు హాయిగా నిద్రపోయాను కూడా. మళ్లీ అలాంటి నిద్ర పట్టలేదు.

సిదెరిస్ అంత్యక్రియల రోజు గాలి లేదు. నీకు తెలుసు, నువ్వు పిరేయస్ వైపు గాలి ఉందని ఊళ్లో చెప్పి నన్ను కాపాడావని ఫోటిస్ చెప్పాడు. ఆ రోజు తెల్లారి రేవుకు వచ్చాను, నల్ల సూటు వేసుకుని. లారీలు ఎక్కుతున్నాయి. ఆ ఇనుప మెట్ల మీద కాలు పెట్టగానే కింద నీళ్లు కనిపించాయి. అంతే. రేవులో బెంచీ మీద కూర్చున్నాను, ఓడ కనుమరుగయ్యే దాకా.

పడవ బోల్తా పడ్డ రోజు బావ ఒక చేత్తో రాయి పట్టుకున్నాడు, ఒక చేత్తో నన్ను. ఆయన మొక్కుకుంటుంటే నేను బూతులు తిడుతున్నాను, ఆయన్నీ పునీతుణ్ణీ కలిపి, వదిలేయమని. వదల్లేదు.

ఏథెన్స్‌కు ఫోన్ చేశాను. తప్పు చెప్పాను, దారి వదలండి అన్నాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు, ఈ సెప్టెంబరుకి కుదరదన్నారు. చాలా మర్యాదగా అన్నారు.

పడవలో పోకు అక్కా. గాలి చూడు. మొక్కు మాటేమో గాని, నువ్వు పోతే నాకెవరూ లేరు.

స్తమాతిస్


ఖోరా
సెప్టెంబరు రెండో వారం

స్తమాతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పటం వెనక పెట్టాను. జవాబు ఇవ్వడానికి పండగ అయ్యే దాకా ఆగాను.

పడవలో పోలేదు. అయిదో తారీఖు మధ్యాహ్నం నుంచే గాలి లేచింది. ఆరో తారీఖు పొద్దుటికి సముద్రమంతా తెల్లటి నురగ. పడవలు తీయడం కుదరదని మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శనగల కుండలు రాత్రంతా రొట్టెల భట్టీలో ఉడికి సిద్ధంగా ఉన్నాయి. మేకలు కోసేశారు. వెనక్కి తీసుకోవడానికి ఏం లేదు. ఫాదర్ యాకుమిస్ నన్నే చూస్తున్నాడు. నేను పటం ఎత్తుకుని నడిచాను. ఊరంతా నా వెనక వచ్చింది. కుండలు రెండు ట్రక్కుల్లో, వయొలిన్ వాడు ముందు, లవూటో తంత్రులు మీటేవాడు వెనక.

గేటు మూసి ఉంది. అవతల దనాయి, పక్కన అర్గిరో నిలబడి ఉన్నారు.

"మరూసాగారూ, మనం మాట్లాడుకున్నాం కదండీ. లోపల అతిథులున్నారు" అంది దనాయి.

"నా చేతుల్లో ఉన్నదీ అతిథేనమ్మా. చేతులు లాగేస్తున్నాయి" అన్నాను.

ఎవరూ అరవలేదు. గాలికి ఆడవాళ్ల కండువాలు ఎగురుతున్నాయి. మా అర్గిరో నావంక చూడనైనా చూడలేదు. అడుగు ముందుకు వేసి అంకెలు నొక్కింది. గేటు తెరుచుకుంది. దనాయి నోరు తెరిచి, పటం వంక చూసి, సిలువ గుర్తు వేసుకుని పక్కకు తప్పుకుంది. తప్పుకున్నాక అర్గిరో చెవిలో ఏదో అంది. పిల్ల మొహం పాలిపోయింది.

చర్చిలో సాయంత్రపు ప్రార్థన అయ్యాక బల్లలు వేశాం. మామూలే, మొదటి బల్ల తిని లేస్తే రెండో బల్ల కూర్చోవడం. రెండో బల్లకి తలెత్తి చూస్తే గుడారాల వాళ్లు నిలబడి ఉన్నారు. తెల్ల బట్టల్లో, గ్లాసులు పట్టుకుని, రావచ్చో రాకూడదో తెలియక. పెళ్లికూతురు కూడా ఉంది, చెప్పులు చేత పట్టుకుని. వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి కదా, కూర్చోబెట్టాను. ఒకాయన శనగలు రెండుసార్లు పెట్టించుకుని, జేబులోంచి కార్డు తీసి ఎంతివ్వాలని అడిగాడు. పనాయిస్ ముసలాడు అన్నాడు, "దానిమీద అంత ఉండదు లేరా బాబూ, జేబులో పెట్టుకో." అర్గిరో వాళ్ల భాషలో చెప్పింది, బల్లంతా నవ్వింది. అందరూ అలాగే ఉన్నారని కాదు. ఒక జంట వయొలిన్‌కి తలనొప్పి వస్తోందని దనాయి దగ్గర గొడవ చేసి, మర్నాడే వెళ్లిపోయారు. దనాయి ఫోను మోగుతూనే ఉంది. చివరి బల్లకి ఆ పిల్లనే చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. తల వంచుకుని తింది.

మీ బావ మొక్కు తీరింది స్తమాతీ. ఆ రాత్రి చర్చి గోడకి ఆనుకుని కూర్చుని, ఆయనతో చెప్పాను, అయిపోయిందయ్యా అని. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

కష్టం మర్నాడు వచ్చింది. పూజ అయ్యాక ఫాదర్ పటం చేతిలోకి తీసుకుని, "వచ్చే ఏటికి ఎవరు?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. ఒకప్పుడు వంతు కోసం పోట్లాడుకున్నవాళ్లం! వరసలో మీ బావ పేరే చివరిదట. రొట్టెల భట్టీ ఆయన దగ్గాడు. గదులు అద్దెకిచ్చే పనాయిస్ కొడుకు బూట్లు చూసుకున్నాడు. సెప్టెంబరులో అందరి గదులూ నిండి ఉంటాయి, ఊరందరికీ భోజనం పెట్టే తీరిక ఎవరికుంది? తాళం వేయకూడని ఇల్లు ఇవాళ ఎవరికి కావాలి? ఫాదర్ రెండోసారి అడిగాడు. మూడోసారి అడిగి ఎవరూ రాకపోతే పటాన్ని చర్చిలో పెట్టి తలుపు వేయడమే. దాంతో పండగ పోయినట్టే. అప్పుడు చర్చి నిజంగానే వాడుకలో లేనిది అవుతుంది.

నేను మళ్లీ తీసుకోకూడదు, వరసగా రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండకూడదు. నా నోట్లోంచి నీ పేరు వచ్చింది.

"స్తమాతిస్ తీసుకుంటాడు" అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఫాదర్ మెల్లగా అన్నాడు, "వాడు ఓడ ఎక్కడు కదమ్మా."

"ఎక్కకపోతే పునీతుడు వాడి ఇంట్లో ఒక్కడే కూర్చుంటాడు. మీకేం నష్టం?" అన్నాను.

పటాన్ని నీ ఇంటికి తీసుకెళ్లాం. నాన్న ఇంటికి. సున్నం బాగా కొట్టించారు, అది ఒప్పుకోవాలి. తలుపు పక్కన బల్ల, దాని మీద కాఫీ యంత్రం. అమ్మ దీపం పెట్టే గూట్లో సబ్బులు అమ్మకానికి పెట్టారు, లావెండర్ వాసనవి. వాటిని తీసి బల్ల మీద వరసగా పేర్చి, పటాన్ని గూట్లో పెట్టాను.

"ఇది మేం అద్దెకు తీసుకున్న ఇల్లండీ" అంది దనాయి.

"అద్దె మీదే తల్లీ. ఇల్లు వాడిది, వాడి ఇంటికి చుట్టం వచ్చాడు. వద్దంటే నువ్వే తీసి బయట పెట్టు" అన్నాను.

తీయలేదు. ఏథెన్స్‌కి ఫోన్ చేసింది. తీసేయమన్నారట. మీరొచ్చి మీ చేతులతో తీయండి అని చెప్పిందట. ఎవరూ రాలేదు. అప్పటి నుంచి ఊళ్లో వాళ్లు రోజంతా నూనె సీసాలు పట్టుకుని దిగుతూనే ఉన్నారు, గేటు మూయడం మానేశారు. పటం ఉన్న ఇంటికి పోయే దారి మూస్తే ఏమవుతుందో దనాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూడా పునీతులకు మొక్కే మనిషే.

అర్గిరోని పనిలోంచి తీసేశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. గేటు ముందుకు ఊరిని తీసుకెళ్లింది నేను, అంకెలు నొక్కాల్సి వచ్చింది పిల్ల. మూడో రోజు కుండలు తోముతూ, "మామయ్య వస్తాడా?" అని అడిగింది. తెలియదన్నాను.

దీపం నేను పెడుతున్నాను, చీకటి పడ్డాకే. కానీ వచ్చే సెప్టెంబరు ఆరున ఆ పటాన్ని ఆ ఇంట్లోంచి ఎత్తాల్సింది ఇంటివాడే. ఇంకొకరు ఎత్తకూడదు. నిన్ను అడగకుండా నీ పేరు ఇచ్చాను. నువ్వు నన్ను అడగకుండా సంతకం పెట్టావు. చెల్లుకు చెల్లు. నీ దగ్గర ఒక ఏడాది ఉంది. అబద్ధం చెప్పను, నువ్వు రాగలవని నాకు నమ్మకం లేదు. అయినా నీ పేరే చెప్పాను.

మరూసా


పిరేయస్ రేవు, ఓడలో
సెప్టెంబరు నెలాఖరు, గురువారం

అక్కా,

దస్తూరి చూసి నవ్వకు. ఇంకా లంగరు కూడా తీయలేదు, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకునే రాస్తున్నాను.

పోయిన గురువారం మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయాను. నీకు రాయలేదు. ఈ రోజూ అలాగే పోయేవాణ్ణి. మెట్టు మీద కాలు పెట్టి, కింద నీళ్లు చూసి తిరిగాను. ఫోటిస్ వంటింట్లోంచి ఆప్రాన్‌తోనే వచ్చి వెనక నుంచి నా కాలరు పట్టుకున్నాడు. "వదలరా" అన్నాను. "తిట్టుకో" అన్నాడు. తిట్టాను. లోపలికి లాగేశాడు. ఆ పట్టు నాకు తెలుసక్కా, ఇంతకుముందొకసారి పట్టుకున్నారు.

ఇప్పుడు క్యాంటీన్‌లో, తలుపుకి దూరంగా, కిటికీ లేని మూల కూర్చున్నాను. దుకాణంలోంచి తెచ్చుకున్న లైఫ్ జాకెట్ వేసుకున్నాను. ఎదురు బల్ల మీద ఒక చిన్నపిల్ల నన్నే చూస్తోంది. వాళ్లమ్మ, "అంకుల్ ఓడ పనివాడమ్మా" అని చెప్పింది. కాదనలేదు.

ఏథెన్స్ వాళ్లకు చెప్పాను, గుడారాలు ఉంచుకోండి, ఇల్లూ దారీ నావి అని. లాయరు మాట్లాడతాడన్నారు. మాట్లాడనీ. ఆ లాయరు కూడా ఏదో ఒక దీవివాడే అయ్యుంటాడు. అర్గిరోకి నావల్ల పోయిన పని సంగతి నేనే ఎదురుగా నిలబడి మాట్లాడతాను, నువ్వు సర్దిచెప్పకు.

ముందుగా ఆగేది కిత్నోస్ దీవిలో. ఈ ఉత్తరం ఫోటిస్ తెచ్చి ఇస్తే నేనక్కడ దిగిపోయానని అర్థం. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో. నేనే తెచ్చి ఇస్తే మాత్రం నా ముందు చదవకు. ముందు సిదెరిస్ దగ్గరికి తీసుకెళ్లు.

లారీలెక్కే ఓడ తలుపు ఎత్తుతున్నారు. ఇక దిగడానికి లేదు.

ఇంటికి తాళం ఉండదని తెలుసు. ఈ రాత్రి దీపంలో నూనె తక్కువైతే నువ్వు పోయకు. నేనొచ్చి పోస్తాను.

స్తమాతిస్